పడిపోయిన త్రిభుజం

మొన్న డిసెంబర్లో ఒక నాలుగేళ్ళ పిల్లాడి చేతిలో నేను చిత్తుగా ఓడిపోయాను. ఎలా ఓడిపోయానో చెప్పాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి.

మాది కర్నూలు వైపు, బేతంచెర్ల దగ్గర ఒక పల్లె. (2022 నుంచి అది నంద్యాల జిల్లా అయిందనుకోండి. కానీ మా నాయన ఇప్పటికీ ఎవరడిగినా కర్నూలు జిల్లా అనే చెప్తాడు.) అక్కని ఇచ్చింది కడప జిల్లాలో, ఎర్రగుంట్ల దగ్గర. అక్కడే ఒక ఊళ్ళో అక్క అంగన్‌వాడీ టీచరు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు ఒక పద్నాలుగు మంది, ఒక ఆయమ్మ, ఒక గది, ఒక వేపచెట్టు. అదీ అక్క సామ్రాజ్యం. నేను ఆరేళ్ళుగా బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతున్నాను. డిసెంబర్లో మా మేనేజరు ఎలాగూ అమెరికా వాళ్ళ సెలవుల ధ్యాసలో ఉంటాడు కాబట్టి, ఇంటి నుంచి పని చేస్తానని చెప్పి ఒక వారం అక్కావాళ్ళింట్లో దిగాను. మోకాళ్ళు చూపించుకోవడానికి నాయన కూడా అక్కడే ఉన్నాడు. ముప్ఫై ఐదేళ్ళు గొంతుక్కూర్చుని బండలు పరిచిన మోకాళ్ళవి.

వెళ్ళిన రోజే అక్క పని అప్పజెప్పింది.

"రేయ్, వచ్చేవారం మా సూపర్‌వైజర్ మేడమ్ వస్తాది. గోడకుండే ఆకారాల చార్టు చిరిగిపోయింది. కంప్యూటర్ సదివినోడివి కదా, ఒకటి చేసియ్యి."

ఇంతకంటే సులువైన పని ఉంటుందా? లాప్‌టాప్ తీశాను. త్రిభుజం, చతురస్రం, దీర్ఘచతురస్రం, వృత్తం, దీర్ఘవృత్తం, చివర్లో వజ్రం. ఒక్కోదానికి ఒక్కో రంగు. ఎర్రగుంట్లలో జిరాక్స్ షాపుకెళ్ళి రంగుల్లో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, కత్తిరించి తెచ్చాను. చార్టుకొక సెట్టు, పిల్లల చేతికివ్వడానికి ఇంకో సెట్టు. అక్క తిప్పి తిప్పి చూసి మురిసిపోయింది. "ఒక్క మిల్లీమీటరు కూడా తేడా లేదు చూస్కో" అని నేను కూడా కాస్త ఎక్కువే చెప్పుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మర్నాడు పొద్దున నేనూ సెంటరుకి వెళ్ళాను. పిల్లలంతా బండల మీద కూర్చున్నారు. నేను ఒక్కో ముక్కా ఎత్తి చూపిస్తుంటే కోరస్‌గా చెప్తున్నారు. "త్రిబుజం!" "చతురస్రం!" "వృత్తం!" పాత చార్టు మీద అక్క అంతా నేర్పేసింది. నాకు భలే గర్వంగా ఉంది. ఇంతలో త్రిభుజం ముక్క చేతిలోంచి జారింది. తీసి మళ్ళీ చూపించాను, ఈసారి మొన కిందికి వచ్చింది. నేను గమనించలేదు.

"ఇదేంటి?"

నిశ్శబ్దం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ముందు వరసలో ఉన్న ఒక పిల్లాడు నా మీద జాలిపడి చెప్పాడు.

"అది పడిపోయింది సార్."

నేను నవ్వేసి, పోనీలే అని చతురస్రం ఎత్తాను. అది కూడా మూల మీద నిలబడింది. "వజ్రం!" అని ముక్తకంఠంతో అరిచారు. సరిగ్గా పెట్టాను. "చతురస్రం!" మళ్ళీ తిప్పాను. "వజ్రం!" ఒకే ముక్క. నేను చెయ్యి తిప్పినప్పుడల్లా దానికి పేరు మారుతోంది. వాళ్ళకి వచ్చింది ఆకారాలు కాదు, చార్టులో బొమ్మలు. చార్టులో త్రిభుజం ఎప్పుడూ అడుగు కింద పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటుంది. అలా కూర్చోకపోతే వాళ్ళ దృష్టిలో అది త్రిభుజమే కాదు. నేను చేసిన కొత్త చార్టు కూడా అదే తప్పుని ఇంకాస్త మెరుగైన రంగుల్లో చేసింది.

అసలు వజ్రం ఆకారం అనేదే నాకు నవ్వొచ్చే సంగతి. మా వైపు తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల తొలకరి వాన పడితే చాలు, జనం పొలాల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. సద్ది కట్టుకుని పక్క జిల్లాల నుంచి కూడా వస్తారు. వాళ్ళెవరూ చార్టులో వజ్రం కోసం వెతకరు. ఏ రాయి చూసినా ముందు చేతిలోకి తీసుకుని, మట్టి తుడిచి, అటూ ఇటూ తిప్పి చూస్తారు. తిప్పకుండా వజ్రమో కాదో తేల్చేవాడు ఆ పొలాల్లో ఒక్కడూ ఉండడు.

ఆ రాత్రి కూర్చుని గూగులించాను. నాలుగేళ్ళ పిల్లల తప్పేమీ లేదని తెలిసింది. హాలెండులో పియెర్, డీనా వాన్ హీలె అని ఒక జంట ఉండేవాళ్ళు, ఇద్దరూ లెక్కల టీచర్లే. పిల్లలు రేఖాగణితం ఎలా అర్థం చేసుకుంటారనే విషయం మీద 1957లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో పరిశోధన పూర్తిచేశారు. వాళ్ళు చెప్పింది టూకీగా ఇదీ. పిల్లలు మొదటి మెట్టులో ఆకారాన్ని మొత్తంగా, మొహం గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. ఎన్ని భుజాలు, ఎన్ని మూలలు, సమానమా కాదా అని చూడరు. అది రెండో మెట్టు. అందుకే తిప్పిన చతురస్రం వాళ్ళకి వేరే మనిషి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వెళ్ళడం వయసు పెరిగినంత మాత్రాన జరగదట, చేయించే పనులని బట్టి జరుగుతుందట. ఇంకో మాట కూడా చెప్పారు. టీచరు ఒక మెట్టు మీద నిలబడి మాట్లాడుతూ, పిల్లలు ఇంకో మెట్టు మీద ఉంటే, ఇద్దరూ ఒకే మాట వాడినా ఒకరిది ఒకరికి అర్థం కాదు. పొద్దున జరిగింది అచ్చంగా అదే. నేను "త్రిభుజం" అంటున్నాను, వాళ్ళూ "త్రిభుజం" అంటున్నారు.

అన్నం దగ్గర ఈ సంగతంతా చెప్తే నాయన రొట్టె తుంచుతూ ఒక్క ముక్కలో తేల్చేశాడు. "బండ తిప్పితే బండ కాకుండా పోతాదా?"

మా నాయన అయిదో తరగతి. కానీ చదరం అంటే ఏంటో ఆయనకి తెలిసినట్టు నాకు తెలీదు. మా బేతంచెర్ల, ఈ ఎర్రగుంట్ల, రెండు చోట్లా నాపరాయే బతుకుతెరువు. కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి అది. సరిగ్గా గడ్డపారతో లేపితే పుస్తకంలో పేజీల్లాగా చదునుగా విడిపోతుంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త మా రాళ్ళ మీద పెద్ద గ్రంథమే రాశాడు. శాస్త్రంలో ఆ రాతిపొరలకి ఇప్పటికీ కడప, కర్నూలు అనే పేర్లే. మహారాష్ట్ర వాళ్ళ పాత వంటిళ్ళలో గట్టు మీద ఉండే నల్లబండని 'కడప్పా' అంటారు. చదునైన ఆకారాలు అని పుస్తకాల్లో చెప్పేది మా వైపు నేలలోంచే తవ్వి తీస్తారన్నమాట.

"సరే నాయనా, మరి పిల్లలకి ఎట్లా చెప్పల్ల?" అంది అక్క.

"నేనొస్తా రేప్పొద్దున" అన్నాడు.

మర్నాడు కర్ర పట్టుకుని వచ్చాడు. సెంటర్లో నేలంతా రెండడుగుల చదరం బండలే. పిల్లలు రోజూ కూర్చునేది వాటి మీదే, బండకొకరు. నాయన ఆ 'పడిపోయింది' పిల్లాడిని లేపి ఒక బండ మూల దగ్గర నిలబెట్టాడు.

"ఏముందిరా అబ్బీ నీ ముందర?"

"వజ్రం."

"ఇట్లా అంచు కాడికి రా. ఇప్పుడేముంది?"

"చతురస్రం."

"బండ తిరిగిందా, నువ్వు తిరిగినావా?"

వాడు బండ వైపు చూశాడు, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "నేనే" అన్నాడు. అన్నాడో లేదో మిగతా పదముగ్గురూ లేచి బండల చుట్టూ తిరగడం మొదలెట్టారు. "వజ్రం, చతురస్రం, వజ్రం, చతురస్రం" అని గోల గోల. కాసేపటికి ఒక పాప "రెండూ ఒకటే బండ" అని తేల్చింది. నా లామినేషన్ ముక్కల వైపు ఎవ్వరూ చూడలేదు.

నాయన మాత్రం చూశాడు. నా చతురస్రం ముక్కని చేతిలోకి తీసుకుని, జేబులోంచి దారం తీసి ఎదురెదురు మూలలకి పట్టాడు. తర్వాత మిగతా రెండు మూలలకి పట్టాడు. బండలు పరిచేవాళ్ళు మూల కుదిరిందో లేదో చూసేది ఇలాగే. ఎదురెదురు అంచులు సమానంగా ఉండి, ఈ రెండు కొలతలూ ఒకటే అయితే మూల సరిగ్గా ఉన్నట్టు. కాకపోతే బండ ఒక పక్కకి వాలినట్టు.

"క్రాసు పోయిందిరా నీది" అన్నాడు.

ప్రింటు సరిగ్గానే వచ్చింది, జిరాక్స్ షాపులో కత్తిరించేటప్పుడు వంకర పోయింది. ఒక్క మిల్లీమీటరు కాదు, దారం మీద చూస్తే మూడు నాలుగైనా ఉంటుంది. అక్క మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది :)

ఇక్కడ నా పరువు ఇంకాస్త తీసుకునే సంగతొకటి చెప్పాలి. నేను ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఎలా పాసయ్యానో మా అక్కకి కూడా తెలీదు. మొదటి సంవత్సరంలో షీట్లన్నీ సీనియర్లవి తెచ్చుకుని, కింద బల్బు పెట్టి, పైన గాజుపలక పెట్టి, దాని మీద కాగితం పరిచి గీతల మీద గీతలు గీసేవాళ్ళం. అందరం అదే పని. నా షీట్లు చూసి మా సార్ నీట్‌నెస్‌కి మార్కులు కూడా వేశారు. పరీక్షలో బల్బూ గాజుపలకా ఉండవు కదా, తప్పాను. సప్లీలో ముక్కున పట్టుకుని బయటపడ్డాను. ఒక ఘనాన్ని వాల్చి పెడితే పైనుంచి ఎలా కనిపిస్తుందో నాకు ఈరోజుకీ తట్టదు. ఇంకొకళ్ళు గీసిన గీత మీద నేను గీశాను, అంతే. ఇప్పుడు ఆ పిల్లలకి నేను చేసిపెట్టింది కూడా అదే కదా. నేను కత్తిరించిన ముక్కని వాళ్ళు చూస్తారు, పేరు చెప్తారు, నీట్‌గా ఉంటుంది.

అందుకని అక్కతో చెప్పాను, ఈసారి కత్తెరలు వాళ్ళ చేతికే ఇద్దామని. అక్క ముందు ఒప్పుకోలేదు. "వంకర టింకరగా కోస్తారు, మేడమ్ వచ్చేసరికి గోడ మీద ఏముంటాది?" అంది. ఆమె భయం ఆమెది. వచ్చినవాళ్ళు చూసేది గోడనే. చివరికి చార్టు గోడ మీద ఉండనిచ్చే షరతు మీద ఒప్పుకుంది.

సామాను ఊళ్ళోనే దొరికింది. పాత పెళ్ళిపత్రికలు (వీటంత గట్టి రంగుకాగితం ఏ షాపులోనూ దొరకదు), నిరుటి క్యాలెండర్లు, మొన మొద్దుగా ఉండే చిన్న కత్తెరలు ఐదు. జిగురుకి ఆయమ్మ తుమ్మబంక నానబెట్టింది. చిన్నప్పుడు మా పుస్తకాలకి అట్టలు వేసిన జిగురే. ఆ వాసన చూసి నాకు రెండో తరగతి గుర్తొచ్చింది.

మొదటి పాఠం కత్తెర కాదు, మడత. పొడుగు కాగితం ఇచ్చి, మూల నుంచి ఏటవాలుగా మడిచి పొట్టి అంచుని పొడుగు అంచు మీదికి తెమ్మన్నాం. మిగిలిపోయిన పట్టీ తీసేసి విప్పితే చతురస్రం. కాగితం పడవ చేసిన ప్రతివాడికీ తెలిసిన పనే. కానీ చేతిలో జరిగేది చూడండి: మడిచి ఉన్నప్పుడు అది త్రిభుజం, విప్పితే చతురస్రం. చతురస్రం లోపల రెండు త్రిభుజాలు దాక్కుని ఉన్నాయని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మడత మీద కోస్తే రెండు ముక్కలూ చేతికొస్తాయి. వాటిని అటూ ఇటూ జరిపితే మళ్ళీ చతురస్రం, ఇంకోలా జరిపితే పెద్ద త్రిభుజం, ఇంకోలా జరిపితే వాలిపోయిన బండ. ఈ మూడో దానికి పిల్లలే "క్రాసు పోయింది" అని పేరు పెట్టేశారు. సమాంతర చతుర్భుజం అనే మాట పెద్ద తరగతిలో నేర్చుకుంటారు లెండి.

మడతలతో రేఖాగణితం అనేది మనకి కొత్తేమీ కాదని కూడా ఆ వారంలోనే తెలిసింది. కడప, కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1893లో, టి. సుందరరావు అనే ఆయన మద్రాసులో కాగితం మడతలతో రేఖాగణితం గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశాడు. జర్మనీలో ఫ్రోబెల్ మొదలెట్టిన కిండర్‌గార్టెన్‌లో పసిపిల్లల చేత చేయించే కాగితం మడతలే ఆయనకి స్ఫూర్తి. చదునైన కాగితం, దాన్ని మడిస్తే గీత, అక్కణ్ణించి చతురస్రం, ఇలా పెద్ద పెద్ద లెక్కల దాకా వెళ్తాడు. ఫెలిక్స్ క్లైన్ అనే జర్మన్ గణితవేత్త ఆ పుస్తకాన్ని తన పుస్తకంలో ప్రస్తావించడంతో ప్రపంచానికి తెలిసింది. 1901లో షికాగోలో మళ్ళీ అచ్చయింది. నేను నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివినా ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు.

సరే, విషయానికొస్తాను. పిల్లలు కొయ్యడం మొదలెట్టారు. కొంతమంది గీత మీద, కొంతమంది గీత పక్కన, ఒకడైతే మొత్తం పెళ్ళిపత్రికని పేలాల్లాగా చేసేశాడు. గ్లాసు బోర్లించి గీసుకున్న వృత్తం అందరికన్నా కష్టం. కత్తెర తిప్పకూడదు, కాగితం తిప్పాలి. అది పట్టుబడ్డ ఒక పాప మిగతావాళ్ళకి నేర్పుతోంది.

ఎర్రగౌను వేసుకున్న ఇంకో పాప మాత్రం గోడ వారగా కూర్చుని ఉంది. ఐదేళ్ళుంటాయి. కత్తెర నొక్కుతోంది, కాగితం తెగడం లేదు, రెండు కత్తుల మధ్యా మడతపడి ఇరుక్కుంటోంది. మళ్ళీ లాగుతోంది, మళ్ళీ నొక్కుతోంది. నేను దగ్గరికి వెళ్ళేసరికి కత్తెరని గబుక్కున కుడిచేతిలోకి మార్చుకుంది.

"ఆ పిల్లకి చేతకాదు సార్" అంది ఆయమ్మ. "పలక మీద కూడా సరిగ్గా రాయదు. వాళ్ళమ్మే అంటాది మొద్దు అని."

ఆ గబుక్కున మార్చుకోవడం నాకు తెలుసు. నేను కూడా పుర్రచెయ్యే. మా జేజి నాకు అన్నం దగ్గర, పలక దగ్గర ఎడంచెయ్యి మీద గరిటెతో కొట్టి కుడిచెయ్యి చేసింది. ప్రేమగానే కొట్టింది, 'నలుగురిలో నవ్వులపాలవుతావు' అని. ఇప్పుడు కుడిచేత్తోనే రాస్తాను. కానీ బంతి విసరాలన్నా, పళ్ళు తోముకోవాలన్నా ఎడంచెయ్యే లేస్తుంది. కుడిచేతి వాటానికి తయారుచేసిన డ్రాఫ్టరుతో డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడ్డ రోజుల్లో నాకూ 'చేతకాదు' అనే పేరు ఉండేది.

నేను ఆ కత్తెర తీసుకుని ఎడంచేత్తో కోసి చూశాను. నాకూ తెగలేదు! తర్వాత ఆలోచిస్తే సంగతి చాలా సులువు. మామూలు కత్తెర కుడిచేతి వాళ్ళ కోసం చేసింది. కుడిచేత్తో నొక్కితే బొటనవేలు, మిగతా వేళ్ళు సహజంగా ఇచ్చే తోపుకి రెండు కత్తులూ ఒకదానికొకటి ఆనుకుంటాయి, కాగితం తెగుతుంది. ఎడంచేత్తో నొక్కితే అదే తోపు రెండింటినీ విడదీస్తుంది, కాగితం మధ్యలో మడతపడుతుంది. పైగా పై కత్తి అడ్డం వచ్చి గీత కనపడదు. తప్పు ఆ పిల్ల చేతిలో లేదు, ఇనుములో ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఇది నాకు తట్టలేదు చూడండి.

"కత్తెర వద్దులే పాపా" అని, మడత మీద గోటితో గట్టిగా రెండు మూడు సార్లు గీకి, నెమ్మదిగా చింపి చూపించాను. మడత సరిగ్గా ఉంటే చినుగు గీత తప్పదు. ఏ చేత్తో చింపావని కాగితం అడగదు. ఆ పిల్ల నా వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూసింది. అక్క ఏమీ అనకపోవడంతో ఎడంచేత్తో గీకి, చింపింది. రెండు త్రిభుజాలొచ్చాయి. ఇంకో కాగితం అడిగింది. ఇంకోటి.

చివర్లో అందరికీ 'ఇల్లు అతికించండి' అని పని ఇచ్చాం. పుస్తకంలో ఇల్లంటే ఒక చతురస్రం, దాని మీద టోపీలాగా త్రిభుజం. అందరూ అలాగే అతికించారు. ఎర్రగౌను మాత్రం చతురస్రం మీద ఏమీ పెట్టలేదు, త్రిభుజాన్ని తెచ్చి పక్కన, గోడకి ఆనించి అతికించింది. మొన పైకి లేదు, అడుగు మధ్యలో లేదు. అచ్చం 'పడిపోయిన' త్రిభుజం.

"పైకప్పేదమ్మా?" అనడిగాను.

"మిద్దె సార్" అంది, ఇది కూడా తెలీదా అన్నట్టు. "పైన మిరపకాయలు ఎండబోస్తాది మాయమ్మ."

"మరి ఈ త్రిభుజం?"

"మెట్లు. మిద్దెక్కేదానికి."

నేను తలుపులోంచి బయటికి చూశాను. ఎదురుగా ఉన్న ఇంటికి పైన బల్లపరుపు మిద్దె, పక్కన గోడకి ఆనుకుని మెట్లు. పక్కనుంచి చూస్తే అచ్చంగా త్రిభుజం. ఆ వీధిలో ఏ ఇంటికీ టోపీ లేదు. మా ఊళ్ళో మిద్దెలకీ లేదు, ఎక్కడో పశువుల కొట్టాలకి ఉంటే ఉండాలి. వాన తక్కువ పడే సీమలో వాలుకప్పు ఎవరికి కావాలి? అయినా ఎల్‌కేజీ నుంచి నేను గీసిన ప్రతి ఇంటికీ టోపీ పెట్టాను. ఎన్నడూ ఎక్కని కప్పు గీశాను, రోజూ ఎక్కిన మెట్లు గీయలేదు.

నాయన ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. దారం తియ్యలేదు. "బాగ కట్టినావు మే" అన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే సినిమా అయిపోయేది. జరిగింది మాత్రం ఇదీ. తర్వాతి వారం సూపర్‌వైజర్ మేడమ్ వచ్చిందట, నేను అప్పటికే బెంగుళూరు వచ్చేశాను. నా లామినేషన్ చార్టుకి ఫోటో తీసుకుందట, బాగుందని మెచ్చుకుందట. పిల్లలు అతికించిన వాటిని అక్క చార్టు కింద, పిల్లల ఎత్తులో వరసగా అంటించింది. వాటిని ఆమె ఒకసారి చూసి, "ఈ ఇంటికి కప్పు లేదే" అందట. అక్క "మిద్దె మేడమ్" అందట. ఆమె నవ్వి రిజిస్టరు చూసుకుందట. ఆమెని తప్పుపట్టడానికి లేదు, ఒక్కరోజులో ఎన్ని సెంటర్లు చూడాలో ఆమెకే తెలియాలి. కేంద్రప్రభుత్వం 2023లో 'జాదూయీ పిటారా' అని చిన్నపిల్లల కోసం ఆటవస్తువుల పెట్టె ఒకటి తయారుచేయించింది. ఆడిస్తూ నేర్పాలని పైన అందరూ ఒప్పుకున్నట్టే. కానీ గోడ మీద వేలాడే చార్టు ఫోటోలో బాగా పడుతుంది. పిల్ల చేతిలో మారింది ఫోటోలో పడదు.

ఎర్రగౌను వాళ్ళమ్మని అక్క పిలిపించి మాట్లాడింది. ఆమె ముందు ఒప్పుకోలేదట, "ఆడపిల్ల, ఎడంచేత్తో చేస్తే రేపు ఎవరైనా ఏమంటారు" అందట. అక్క నా ఉద్యోగం, నా జీతం చూపించి "మా తమ్ముడు కూడా పుర్రచెయ్యే" అని చెప్పిందట. అబద్ధం కాదు కానీ, నన్ను కుడిచెయ్యి చేసేశారన్న సంగతి చెప్పలేదట. చెప్తే ఆమె మా జేజి చేసిందే మంచిదనేది కదా. వాళ్ళమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. ఇంటి దగ్గర కుడిచెయ్యి, సెంటర్లో ఎడంచెయ్యిగా నడుస్తోంది. జూన్‌లో ఒకటో తరగతికి పోతుంది. అక్కడి టీచరుకి ఎవరు చెప్తారన్నది అక్క దిగులు, నాది కూడా.

ఎడంచేతి వాళ్ళ కోసం చేసిన కత్తెరలు విడిగా దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో ఒకటి ఆర్డరు పెట్టి అక్క ఇంటికి పంపించాను. అది చేరిన నాలుగు రోజులకి అక్క ఫోన్ చేసింది. కత్తెర బాగుందని చెప్పడానికనుకున్నాను.

"రేయ్, దాని కోసం రోజూ కొట్లాట జరగతాంది" అంది. "ఆ పడిపోయింది అన్న పిల్లోడు లేడూ, వాడు కూడా పుర్రచెయ్యేనంట. ఇన్నాళ్ళూ మాకెవరికీ తెలీనే లేదు. ఇంకోటి పంపు."